మోటారు సైకిలుకు కొత్త వెనక షాక్ అబ్జార్బర్ ఎంచుకోవడం: సిక్కోలు, విజయనగరం దారులకు సమగ్ర మార్గదర్శి

వెనక షాక్ అబ్జార్బర్ మార్చదలచినవారు దుకాణంలో సాధారణంగా చెప్పేవి బండి పేరు, అది కొన్న సంవత్సరం మాత్రమే. ఆ రెండూ అవసరమే కాని, వాటితో సరిపోదు. ఒకే 100 సీసీ బండి శ్రీకాకుళం పట్టణంలో ఒంటరిగా ఆఫీసుకు వెళ్ళే ఉద్యోగి దగ్గర ఒక రకంగా అరుగుతుంది. కళింగపట్నం నుంచి చేపల పెట్టె కట్టుకొని ఊరూరా తిరిగే వ్యాపారి దగ్గర, సీతంపేట సంత నుంచి అనాస పళ్ళ బుట్టలు దించే రైతు దగ్గర మరో రకంగా అరుగుతుంది. కంపెనీవారు స్ప్రింగును ఒక సగటు మనిషిని, ఒక సగటు రోడ్డును దృష్టిలో పెట్టుకొని తయారుచేస్తారు. మీ బరువు, మీ దారి ఆ సగటుకు ఎంత దూరంలో ఉన్నాయో తెలుసుకోకుండా కొన్నది, ఎంత ఖరీదైనదైనా, చీకట్లో రాయి వేసినట్టే. అందువల్ల ఈ మార్గదర్శిలో సగానికి పైగా కొలతలే ఉన్నాయి. దుకాణంలో చేయవలసిన పని తక్కువ. ఇంటి దగ్గర చేసుకోవలసినదే ఎక్కువ.

1. ముందుగా తప్పు ఎవరిదో తేల్చుకోవాలి

బండి వెనక భాగం ఊగినా, గుంతలో కొట్టినా అందరూ షాకులనే అనుమానిస్తారు. కాని టైరులో గాలి ఎక్కువైనా నడుము అదిరిపోతుంది, తక్కువైతే మలుపులో వెనకభాగం పాకినట్టు కదులుతుంది. వెనక చక్రాన్ని ఫ్రేముకు కలిపి పైకీ కిందికీ ఊగే స్వింగ్ ఆర్మ్ బుష్షులు అరిగినా, చక్రం బేరింగులు వదులైనా లక్షణాలు అచ్చం షాకు పాడైనట్టే కనిపిస్తాయి. సెంటర్ స్టాండు మీద నిలిపి, వెనక చక్రాన్ని పైభాగంలో రెండు చేతులతో పట్టుకొని అటూ ఇటూ లాగి చూడండి. అప్పుడు చక్రం మాత్రమే కదిలితే బేరింగును, చక్రంతో పాటు స్వింగ్ ఆర్మ్ కూడా పక్కకు కదిలితే బుష్షులను అనుమానించాలి. ఆ రెండూ బాగుచేయకుండా కొత్త షాకులు వేస్తే డబ్బు ఖర్చవుతుంది, ఊగుడు మాత్రం అలాగే ఉంటుంది.

తరువాత షాకునే చూడాలి. బండిని నేల మీద నిలిపి సీటు చివర గట్టిగా నొక్కి వదిలినప్పుడు, వెనకభాగం ఒకసారి పైకి లేచి నిలిచిపోతే, ఊగుడును అణచే డంపరు ఇంకా పనిచేస్తున్నట్టు. రెండు మూడుసార్లు ఊగితే లోపలి నూనె కారిపోయిందనో, వాల్వు అరిగిందనో అర్థం. రాడ్డు మీద పలుచని నూనె పొర, దానికి అంటుకున్న ధూళి సహజమే; నూనె ధారగా కిందికి దిగి గొట్టం తడిసి ఉంటే సీలు పోయినట్టే. క్రోం పూత మీద గుంటలు పడి ఉంటే, సీలు మార్చినా ఆ గుంటలే కొత్త సీలును కోసేస్తాయి. జంట షాకులున్న బండిలో ఒకటి మాత్రమే కారుతున్నా రెండూ కలిపి మార్చాలి, ఎందుకంటే పాతది, కొత్తది ఒకే బలంతో పనిచేయవు. స్వింగ్ ఆర్మ్ మీద మెలిపెట్టే ఒత్తిడి పడుతుంది.

2. షాకులో పనిచేసేవి రెండు

ఎంపికలో జరిగే పొరపాట్లలో చాలా వరకు స్ప్రింగునూ డంపరునూ ఒకటిగా భావించడం వల్లనే వస్తాయి. బరువు మోసేది స్ప్రింగు. స్ప్రింగు మింగిన శక్తిని నెమ్మదిగా ఖర్చుచేసి, బండి బంతిలా ఎగరకుండా ఆపేది డంపరు. అది సన్నని రంధ్రాల గుండా నూనెను పారించి ఆ శక్తిని వేడిగా మారుస్తుంది. బరువు ఎక్కువైందని స్ప్రింగును మాత్రం గట్టిది వేసి, డంపరు పాతదే ఉంచితే, ఆ స్ప్రింగు తిరిగి తన్నే వేగాన్ని డంపరు ఆపలేదు. స్పీడ్ బ్రేకరు దాటిన తరువాత వెనక కూర్చున్నవారు సీటు మీది నుంచి లేచిపడేది అందుకే. "గట్టి షాకులు వేసేద్దాం" అని మెకానిక్కు అన్నప్పుడు, గట్టిదనం స్ప్రింగుదా, డంపరుదా అని అడగడం తప్పు కాదు.

స్ప్రింగు అడుగున మెట్లు మెట్లుగా తిరిగే కాలరు మరో అపార్థానికి మూలం. హీరో స్ప్లెండర్ వంటి బళ్ళలో అయిదు మెట్ల సర్దుబాటు ఉంటుంది. కాలరును పై మెట్టుకు తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది నమ్మకం. నిజానికి స్ప్రింగు బలం మారదు. ముందుగానే కొంత నొక్కి ఉంచడం వల్ల బండి వెనకభాగం ఎత్తు పెరుగుతుంది, అంతే. దీన్నే ప్రీలోడ్ అంటారు.

3. వెనక చక్రం మీద పడే బరువు

దీనికి బియ్యం కొట్టులోనో, పలాసలో జీడిపప్పు వ్యాపారుల దగ్గరో బస్తాలు తూచే ప్లాట్‌ఫాం కాటా చాలు. వెనక చక్రాన్ని కాటా మీద ఉంచి, ముందు చక్రం కింద కాటా ఎత్తుకు సమానమైన పలకో ఇటుకలో పెట్టి, బండిని నిటారుగా నిలపాలి. మొదట ఖాళీ బండి, తరువాత మీరు కూర్చొని, ఆ తరువాత వెనక మనిషితో, చివరగా మీరు రోజూ మోసే సరుకుతో తూచి నాలుగు అంకెలు రాసుకోండి. మీరు కాళ్ళు ఫుట్‌రెస్ట్‌ల మీద పెట్టి కూర్చోవాలి, పక్కనున్నవారు బండిని నిలబెట్టడానికి మాత్రమే పట్టుకోవాలి. పైకి లేపకూడదు, నొక్కకూడదు.

ఈ అంకెలు చూస్తే ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటి బయటపడుతుంది. నడిపేవారి బరువులో మూడింట రెండు వంతుల దరిదాపు వెనక చక్రం మీద పడుతుంది. వెనక కూర్చున్నవారి బరువు దాదాపు అంతా దాని మీదే. ఇరుసు కన్నా వెనక్కి, క్యారియరు మీద కట్టిన 25 కిలోల బియ్యం బస్తా మాత్రం వెనక చక్రం మీద 25 కిలోల కన్నా ఎక్కువగా పడుతుంది, ఎందుకంటే అది ముందు చక్రం మీది బరువును కొంత లేపి వెనక్కి తెస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు హ్యాండిల్ తేలికైపోవడానికి కారణం అదే, దానికి ఏ షాకూ మందు కాదు. బస్తాను ముందుకు జరపడమే మందు. చట్టం ప్రకారం నడిపేవారి వెనక ఒక్కరే కూర్చోవాలి కనుక ముగ్గురి లెక్క ఇక్కడ వేయడం లేదు.

4. కుంగుబాటు కొలవడం

మెకానిక్కులు సాగ్ అని పిలిచే కుంగుబాటును కొలవడానికి టేపు, సుద్దముక్క, ఇంకో మనిషి సాయం కావాలి. వెనక ఇరుసు నట్టుకు నిట్టనిలువుగా పైన, సీటు కింద ఫ్రేము మీద ఒక గుర్తు పెట్టండి. సెంటర్ స్టాండు మీద చక్రం గాలిలో ఉండగా ఇరుసు నుంచి గుర్తు వరకు దూరం కొలవాలి. తరువాత బండి తన బరువుతోనే నేల మీద నిలిచినప్పుడు, ఆపైన మీరు కూర్చున్నప్పుడు, చివరగా పూర్తి బరువుతో అదే దూరాన్ని మళ్ళీ కొలవాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. చక్రం గాలిలో 600 మి.మీ., ఖాళీ బండికి 590, మీరు కూర్చుంటే 576, వెనక మనిషి, బస్తా కలిపి 550 వచ్చాయనుకోండి. వెనక చక్రం మొత్తం కదలిక 100 మి.మీ. ఉన్న బండి అయితే, ఒంటరి ప్రయాణంలో 24 శాతం, పూర్తి బరువుతో 50 శాతం కుంగినట్టు. ఒంటరిగా 25 నుంచి 33 శాతం దరిదాపులో ఉండడం మంచిది కాబట్టి మొదటి అంకెకు ఢోకా లేదు. రెండోది మాత్రం గుంత తగలకముందే సగం కదలికను తినేసింది. ముందుగా కాలరును పై మెట్టుకు తిప్పి మళ్ళీ కొలవండి. పై మెట్టులోనూ పూర్తి బరువు కుంగుబాటు 40 శాతం దాటుతూ ఉంటే, మీరు ఎక్కువ రోజులు ఆ బరువుతోనే తిరుగుతూ ఉంటే, అప్పుడే గట్టి స్ప్రింగు కావాలి. వారానికి ఒకసారి బస్తా తెచ్చుకునేవారికి కాలరు తిప్పుకోవడం చాలు.

ఖాళీ బండి కుంగుబాటు కూడా సంగతులు చెబుతుంది. అది 5 నుంచి 10 మి.మీ. ఉండాలి. మీరు కూర్చున్నప్పటి కుంగుబాటు సరిగ్గానే ఉండి, ఖాళీ బండి మాత్రం ఏమీ కుంగకపోతే, స్ప్రింగు మెత్తనిదై, ప్రీలోడ్ అతిగా పెట్టి నెట్టుకొస్తున్నారని గ్రహించాలి. ఇందుకు భిన్నంగా, ఖాళీగా ఎక్కువ కుంగి, మనిషి కూర్చున్నాక పెద్దగా కుంగకపోతే స్ప్రింగు మీ బరువుకు మించి గట్టిది.

5. స్ప్రింగు బలం లెక్క

దుకాణంలో "ఇది మందంగా ఉంది, గట్టిది" అన్న మాట కంటిచూపు మీద ఆధారపడినది. స్ప్రింగు బలం తీగ మందం నాలుగో ఘాతానికి అనుగుణంగా పెరుగుతుంది. చుట్టు వ్యాసం మూడో ఘాతానికి, పనిచేసే చుట్ల సంఖ్యకు విలోమంగా తగ్గుతుంది. లెక్క ఇది: తీగ మందం నాలుగో ఘాతాన్ని 78,500తో గుణించి, దాన్ని 8, చుట్టు సగటు వ్యాసం మూడో ఘాతం, చుట్ల సంఖ్య, ఈ మూడింటి లబ్ధంతో భాగించాలి. కొలతలన్నీ మిల్లీమీటర్లలో ఉంటే, జవాబు మిల్లీమీటరుకు ఇన్ని న్యూటన్లు అని వస్తుంది.

తీగ 7 మి.మీ., సగటు వ్యాసం 50 మి.మీ., పనిచేసే చుట్లు 12 అయితే మిల్లీమీటరుకు 15.7 న్యూటన్లు, అంటే సుమారు 1.6 కిలోలు. జంటకు 3.2 కిలోలు. షాకులు దాదాపు నిలువుగా, ఇరుసుకు దగ్గరగా ఉన్న బండిలో వెనక చక్రం మీద అదనంగా 85 కిలోలు పడితే 26 మి.మీ. పైచిలుకు కుంగుతుంది, పై ఉదాహరణలో 576 నుంచి 550కి దిగినది ఇదే. ఆ కుంగుబాటును 22కి తేవాలంటే స్ప్రింగు బలం 20 శాతం పెరగాలి. అందుకు తీగ 7.33 మి.మీ. ఉంటే చాలు. తీగ మందాన్ని అర మిల్లీమీటరు పెంచి 7.5 చేస్తే బలం 32 శాతం పెరిగి కూర్చుంటుంది. ఇంత చిన్న తేడా కంటికి ఆనదు కనుక, వెర్నియర్ కాలిపర్స్ వెంట తీసుకువెళ్ళడం చాదస్తం కాదు. తీగ మీది రంగు పూత మందాన్ని తీసివేసి చూడాలి. పై అంచులో, కింది అంచులో బల్లపరుపుగా ఆనుకొని ఉండే చుట్లను లెక్కలోకి తీసుకోకూడదు.

చుట్లు ఒక చివర దగ్గర దగ్గరగా, మరో చివర దూరంగా ఉన్న స్ప్రింగుకు ఈ లెక్క నేరుగా వర్తించదు. అది మొదట మెత్తగా ఉండి, దగ్గరి చుట్లు ఒకదానికొకటి ఆనుకున్న కొద్దీ గట్టిపడుతుంది. ఒకరోజు ఒంటరిగా, ఒకరోజు భారంతో తిరిగేవారికి ఇటువంటిదే నప్పుతుందని నా అభిప్రాయం. బజాజ్ తన చిన్న బళ్ళలో స్ప్రింగులో స్ప్రింగు పెట్టి సాధించదలచినదీ ఇదే గుణం.

వెనక ఒకే షాకు ఉండే మోనోషాక్ బండికి ఈ ఉదాహరణ అంకెలు పనికిరావు. అక్కడ షాకు ఒక మిల్లీమీటరు కదిలితే చక్రం రెండు మూడు మిల్లీమీటర్లు కదులుతుంది. స్ప్రింగు ఆ నిష్పత్తికి తగ్గట్టు ఎంతో బలంగా ఉంటుంది. పొడవులో పొరపాటు కూడా చక్రం దగ్గర అంతే రెట్లు పెరుగుతుంది. అందుచేత మోనోషాక్ విషయంలో అదే మోడలుకు తయారైనది తప్ప మరొకటి వేయడం నేను సిఫారసు చేయను.

6. సరిపోవలసిన కొలతలు

షాకు చివర బోల్టు దూరే వలయాన్ని కన్ను అంటారు. పై కంటి కేంద్రం నుంచి కింది కంటి కేంద్రం వరకు ఉన్న పొడవు మొదటిది. బుల్లెట్ షాకులు చిన్న బండికి వేసి వెనక ఎత్తు పెంచే సరదా మన కాలేజీ కుర్రాళ్ళలో ఉంది. 1,250 మి.మీ. చక్రాల నడుమ దూరం ఉన్న బండిలో వెనకభాగం 25 మి.మీ. లేస్తే ముందు ఫోర్కు వాలు ఒక డిగ్రీకి పైగా నిటారవుతుంది. హ్యాండిల్ చురుకుగా తిరుగుతుంది, హైవే మీద వేగంలో నిలకడ తగ్గుతుంది. దానికి తోడు చైను స్వింగ్ ఆర్మ్ మీద రాసుకుంటుంది, సెంటర్ స్టాండు మీద నిలిపినా చక్రం నేల వదలదు, సైడు స్టాండు మీద బండి మరీ ఒరిగిపోతుంది. పాతదానికి అటూ ఇటూ 5 మి.మీ. మించనివ్వకండి.

పూర్తిగా నొక్కుకుపోయినప్పటి పొడవును ఎవరూ కొలవరు. ప్రమాదం మాత్రం అందులోనే ఉంది. మొత్తం పొడవులోంచి రాడ్డు కదిలే దూరాన్ని తీసివేస్తే అది వస్తుంది. కొత్తదానిలో ఈ పొడవు పాతదానికన్నా తక్కువైతే, పూర్తి బరువుతో గుంతలో పడినప్పుడు టైరు మడ్‌గార్డుకు తగులుతుంది.

పై బుష్షు, కింది బుష్షు లోపలి రంధ్రాలు వేరు వేరు వ్యాసాల్లో ఉండవచ్చు, వెడల్పులు కూడా అంతే. రెండింటినీ విడివిడిగా కొలవండి. రంధ్రం పెద్దదైతే రేకుముక్క చుట్టి బిగించే పద్ధతిని ఒప్పుకోవద్దు. స్ప్రింగు బయటి వ్యాసం పెరిగితే చైను కవరుకో, సైలెన్సరుకో, చీర గార్డుకో తగులుతుందేమో పరిశీలించాలి. క్యారియరు పట్టీ, చీర గార్డు పట్టీ షాకు బోల్టుకే బిగించి ఉన్న బళ్ళలో, కొత్త కన్ను వెడల్పైతే బోల్టు పొడవు చాలక నట్టు సగం మరలతోనే నిలుస్తుంది.

7. నూనె మాత్రమేనా, గ్యాసు కూడానా

గ్యాసు షాకులు ఎక్కువ బరువు మోస్తాయన్న మాట దుకాణాల్లో తరచూ వినిపిస్తుంది. బరువు మోయడానికి, నైట్రోజనుకు సంబంధం స్వల్పం. నూనె వేగంగా అటూ ఇటూ పారినప్పుడు అందులో బుడగలు పుట్టి నురగగా మారితే డంపరు పట్టు తప్పుతుంది. పీడనంలో ఉన్న నైట్రోజను ఆ నురగను అణచిపెడుతుంది. కనుక ప్రశ్న మీ దారి గురించి వేసుకోవాలి. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా జాతీయ రహదారి 16 మీద తిరిగేవారికి మామూలు నూనె షాకు చాలు. సాలూరు దాటి కొరాపుట్ వైపు ఘాట్ ఎక్కేవారికి, సీతంపేట, కురుపాం వైపు గతుకుల దారిలో గంటల తరబడి, అదీ వేసవి ఎండలో తిరిగేవారికి గ్యాసు షాకు మీద పెట్టిన అదనపు ఖర్చు దక్కుతుంది.

కళింగపట్నం, బారువ, చింతపల్లి వంటి తీరగ్రామాల వారికి అంతకన్నా ముఖ్యమైనది రాడ్డు రక్షణ. ఉప్పుగాలికి తోడు చేపల పెట్టెలోని ఐసు కరిగి కారే ఉప్పునీరు నేరుగా షాకు మీద పడి క్రోం పూతను తినేస్తుంది. అక్కడ స్ప్రింగు పైన గొట్టంలాంటి కవరున్న పాతకాలపు నమూనాయే మేలు, చూడడానికి అంత సొగసుగా లేకపోయినా. పెట్టె కింద రేకు పళ్ళెం అమర్చి, నీరు రబ్బరు గొట్టం ద్వారా చక్రం వెనక్కి పోయేలా చేస్తే కొత్త షాకులు చాలాకాలం మన్నుతాయి.

8. కొనడం

హీరో బళ్ళకు ముంజాల్ షోవా, బజాజ్ బళ్ళకు ఎండ్యూరెన్స్ షాకులు సరఫరా చేస్తూ వచ్చాయి. గేబ్రియల్ కూడా కంపెనీలకూ విడిభాగాల మార్కెట్టుకూ చాలాకాలంగా షాకులు తయారుచేస్తున్న సంస్థ. మీ పాత షాకు మీద ఉన్న తయారీదారు పేరు, భాగం సంఖ్య రాసుకొని వెళితే, సరైన జోడీ దొరకడం తేలిక. డబ్బా మీద భాగం సంఖ్య, తయారైన నెల, ధర ముద్రించి ఉన్నాయా చూసి, బిల్లు తీసుకోండి. డబ్బాలోని రెండు షాకులనూ పక్కపక్కన నిలబెట్టి ఒకే ఎత్తున ఉన్నాయో లేదో చూడాలి. స్ప్రింగు మీద రంగు ఊడి తుప్పు కనిపిస్తే, చౌకగా ఇస్తున్నా వద్దనండి.

పాతదానికి రంధ్రం చేసి నూనె పోసి వెల్డింగు పెట్టే పని కొన్నిచోట్ల చేస్తారు. ఎంత నూనె పోశారో, ఏ చిక్కదనమో తెలియని ఆ షాకు కొన్ని వారాలు గట్టిగా అనిపించి మళ్ళీ కారుతుంది. గ్యాసు షాకు దగ్గరికి ఆ వెల్డింగును అసలు రానివ్వకూడదు. లోపలి పీడనం మనిషిని గాయపరచగలదు. స్ప్రింగును విప్పడం కూడా తగిన పనిముట్టు ఉన్న మెకానిక్కుకే వదిలేయాలి.

9. బిగింపు

కొత్త షాకును బండికి ఎక్కించే ముందు నిటారుగా పట్టుకొని కొన్నిసార్లు నొక్కి వదిలితే, దుకాణంలో అడ్డంగా పడి ఉన్నప్పుడు లోపల చేరిన గాలి పైకి పోతుంది. డబ్బా మీద వేరే సూచన లేకపోతే గొట్టం కిందికి, రాడ్డు పైకి ఉండాలి. తలకిందులుగా వేస్తే చాలా రకాలలో వాల్వు నూనెలో మునగదు.

బండి సెంటర్ స్టాండు మీద ఉండగా, చక్రం కింద చెక్క దిమ్మె పెట్టి, ఒక పక్క షాకు విప్పి కొత్తది ఎక్కించిన తరువాతే రెండో పక్క విప్పండి. ఇలా చేస్తే చక్రం జారిపోదు, రంధ్రాలు తప్పవు. వాషర్లు ఏ వరుసలో వచ్చాయో సెల్‌ఫోనులో ఫొటో తీసుకోవడం మంచిది. తీరప్రాంతపు బళ్ళలో కింది బోల్టులు తుప్పుతో పట్టేసి ఉంటాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె చల్లి ఉంచండి. రబ్బరు బుష్షులకు గ్రీజు పూయకూడదు. నట్లను మొదట చేతితో బిగించి, బండిని నేల మీద దించి, ఎవరినైనా సీటు మీద కూర్చోబెట్టి, అప్పుడు బండి పుస్తకంలో చెప్పిన టార్కుకు, అంటే బిగింపు బలానికి, బిగించాలి. చక్రం గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి త్వరగా చిట్లుతుంది.

రెండు కాలర్లూ ఒకే మెట్టులో ఉన్నాయో లేదో చూసి, మళ్ళీ కుంగుబాటు కొలిచి, పాత అంకెల పక్కన రాసుకోండి. చైను బిగువు, బ్రేకు పెడలు ఆట, హెడ్‌లైటు వాలు కూడా అప్పుడే సరిచూడాలి; వెనక ఎత్తు కొద్దిగా మారినా ఈ మూడింటిలో ఏదో ఒకటి తప్పుతుంది. సుమారు 200 కిలోమీటర్లు తిరిగిన తరువాత నట్లు మళ్ళీ బిగించి, రాడ్డు మీది నుంచి నూనె ధారగా కారుతోందేమో చూసి, కారుతూ ఉంటే బిల్లుతో సహా వెంటనే దుకాణానికి తీసుకువెళ్ళండి.